చిన్నాకు, ధవళేశ్వరం నుంచి

చిరంజీవి చిన్నాకు నాన్న ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు "క్యాన్సర్ అని తేలాక కూడా అలా చూస్తూ కూర్చుంటావా నాన్నా" అని ఏడ్చినంత పని చేశావు. నాకు మాట పెగల్లేదు. అందుకే రాస్తున్నాను, నిదానంగా చదువు.

నాకు వచ్చింది ప్రోస్టేట్ క్యాన్సర్, అంటే మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథిలో వచ్చేది. దాన్ని పసిగట్టడానికి చేసే రక్తపరీక్ష, పీఎస్ఏ, 5.8 వచ్చింది. ఎమ్మారై అయ్యాక బయాప్సీలో 12 ముక్కలు తీస్తే రెండింట్లోనే క్యాన్సర్ కణాలు కనబడ్డాయి. ఆ కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయో చెప్పే గ్లీసన్ స్కోరు 3+3, అంటే 6. ఈ రోజుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్‌కి వేసే స్కోర్లలో అన్నిటికంటే తక్కువది అదే. ఈ రకం చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఇప్పుడే ఆపరేషనో రేడియేషనో చేయించుకుంటే మూత్రం ఆపుకోలేకపోవడం, దాంపత్యంలో ఇబ్బంది రావచ్చు. కొందరికి అవి తగ్గవు కూడా. పెద్దవాడివి కాబట్టి దాచకుండా రాస్తున్నాను. అవసరం పడకముందే ఆ బాధలు నెత్తిన వేసుకోవడం నాకూ మీ అమ్మకూ ఇష్టం లేదు.

నా ఉద్యోగమంతా బ్యారేజీ మీదే గడిచిందని నీకు తెలుసుగా. గోదావరి 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టు వరదప్పుడు నిద్రలేకుండా గంటగంటకీ గేజీ చూసి పైకి చెప్పాం. నీళ్లు కాస్త పెరిగిన ప్రతిసారీ లంక ఊళ్లు ఖాళీ చేయించేవాళ్లు కాదు. అలాగని మేం గేజీ మీద నుంచి కన్ను తీసిందీ లేదు. డాక్టరుగారు 'యాక్టివ్ సర్వైలెన్స్', అంటే వెంటనే వైద్యం చేయకుండా పరీక్షలతో కనిపెట్టుకుని ఉండటం, అన్నప్పుడు నాకు ఆ పనే గుర్తొచ్చింది.

ఆరు నెలలకోసారి పీఎస్ఏ, ఏడాదికోసారి డాక్టరుగారి పరీక్ష, ఏడాది తిరిగేసరికి మళ్లీ ఎమ్మారై, బయాప్సీ. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పీఎస్ఏ పెరుగుతుందట, కాబట్టి ఒక్క రీడింగుతో కంగారు పడరు. బయాప్సీలో స్కోరు పెరిగితే మాత్రం వైద్యానికి ఒక్కరోజు కూడా వెనకాడను.

బ్రిటన్‌లో 1,643 మందిని మూడు గుంపులు చేసి పదిహేనేళ్లు కనిపెట్టారు. ఒక గుంపుకి ఆపరేషన్, ఒక గుంపుకి రేడియేషన్, మూడో గుంపుకి ఇలా పరీక్షలు. 2023లో ఫలితాలు వచ్చాయి. ఏ గుంపులోనైనా ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు నూటికి ముగ్గురు, ఆ లోపే. అయితే పరీక్షల గుంపులో నూటికి తొమ్మిది మందికి జబ్బు వేరే చోట్లకు పాకింది, మిగతా రెండింట్లో ఐదుగురికే. పరీక్షల గుంపులో సగానికి పైగా తర్వాత వైద్యానికి వెళ్లారు కూడా. అప్పట్లో ఇప్పటిలా ఎమ్మారైలు తీసి చూడలేదు. అయినా ఆ తొమ్మిది నాకు గుర్తుంది, అందుకే ఏ తేదీ తప్పను.

భయం లేదని చెప్పను. రక్తం ఇచ్చాక రిజల్ట్ వచ్చేదాకా టెన్షనే, రాత్రి నిద్ర పట్టదు. ఆ రెండు రోజులూ ఫోన్ చెయ్యి. ఆపరేషన్ మాట ఎత్తకుండా బుజ్జిగాడి కబుర్లు చెప్పు, నాకు చాలు.

ఇంకో మాట. తండ్రికి ఈ జబ్బు ఉంటే కొడుక్కి వచ్చే అవకాశం ఇంచుమించు రెండింతలు. నీకు 41 నిండాయి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నాన్నకు వచ్చిందని చెప్పి, పీఎస్ఏ ఎప్పటి నుంచి చూపించుకోవాలో అడుగు.

మార్చి 10న నాకు మళ్లీ పరీక్ష. వీలైతే రా, ఇద్దరం కలిసి వెళ్దాం.

మీ నాన్న