చిప్పు ముందా, టీకా ముందా?

బెంగళూరు
జూన్ 12

ఒరేయ్ శీనూ,

నెల రోజులుగా ఉత్తరం లేదు, మెసేజీకి జవాబు లేదు అని నువ్వు అలిగావట, చెల్లెమ్మ చెప్పింది. తప్పు నాదే, తిట్టుకో. అయితే ఇది పూర్తిగా చదివాక తిట్టు. అమ్మ బాగుంది, మోకాలు మాత్రం అలాగే ఉంది. ఆవకాయ జాడీ విడిగా వస్తోంది. ఇక్కడ వానలు మొదలయ్యాయి. సిల్క్ బోర్డు ట్రాఫిక్ గురించి కొత్తగా రాయడానికేమీ లేదు. కుశల ప్రశ్నలు అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు బెర్లిన్‌కి మారుతూ మీ కుక్క బొబ్బట్టునీ తీసుకెళ్తానన్నావుగా, నువ్వు పంపిన వాడి టీకా కార్డు ఫొటో పెద్దది చేసి చూశాను. రేబీస్ టీకా మార్చి 2. మైక్రోచిప్ మార్చి 21. స్టిక్కరుంది, బ్యాచ్ నెంబరుంది, డాక్టరుగారి సంతకమూ సీలూ ఉన్నాయి. అయినా యూరప్ లెక్కలో ఆ టీకా వెయ్యనట్టేరా!

వాట్సాప్‌లో చెబితే బొటనవేలు బొమ్మ పెట్టి మరిచిపోతావు, అందుకే కాగితం మీద రాస్తున్నాను. చదివాక ఫ్రిజ్ మీద అంటించు. చెల్లెమ్మ కళ్ళ ముందు అంటించు, నీ కళ్ళ ముందు కాదు.

యూరప్ వాళ్ళ వాదన ఇది. చిప్పంటే కుక్కకు ఆధార్. చిప్పు లేని రోజున వేసిన టీకా ఈ కుక్కకే వేశారనడానికి ఆధారం లేదు. అందుకని చిప్పు ముందు, టీకా తర్వాత. రెండూ ఒకే రోజు వేసినా ఫరవాలేదు, చిప్పు వేసి, రీడరుతో నెంబరు చదివి, ఆ తర్వాత సూది వెయ్యాలి. నువ్వు కార్పొరేషన్ లైసెన్సు కోసం తర్వాత తీరిగ్గా చిప్పు వేయించావు. చెన్నైలో ఉండడానికి అది చాలు. బెర్లిన్‌కి చాలదు.

పోయింది డబ్బు కాదు, రోజులు. లెక్క చెబుతాను, పెన్ను తీసుకో. (గూడూరు టికెట్టు లెక్క నేనింకా మరిచిపోలేదు, కాబట్టి రెండుసార్లు సరిచూసుకో.)

జూన్ 15న మళ్ళీ రేబీస్ టీకా వేయించు. మన హైదరాబాదువాళ్ళ రక్షారాబ్ అయినా, నోబివాక్ అయినా, చంపిన వైరస్‌తో చేసిన ఏ టీకా అయినా సరే. వేసేముందు డాక్టరుగారిని అడిగి రీడరుతో చిప్పు చదివించు. 15 అంకెలూ కార్డులో ఆయన చేతే రాయించు, నువ్వు రాయకు. 15 అంకెలు లేకుండా తొమ్మిదో పదో ఉంటే అది పాత రకం చిప్పు, వెంటనే ఫోన్ చెయ్యి, అది ఇంకో కథ. విమానం దిగే ఫ్రాంక్‌ఫర్ట్‌లో వాడేది ఐఎస్ఓ రకం, అంటే ఆ 15 అంకెల చిప్పును 134.2 కిలోహెర్ట్జ్ దగ్గర చదివే రీడరు. దానికి దొరకని చిప్పు లేనట్టే లెక్క.

టీకా రోజును సున్నాగా పెట్టుకుని కనీసం 30 రోజులు ఆగాక టైటర్ పరీక్షకు, అంటే రక్తంలో రేబీస్ యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చూసే పరీక్షకు, రక్తం తీయాలి. అంటే జూలై 15 నుంచి తీయొచ్చు. నువ్వు జూలై 20 పెట్టుకో. 15కి ఒక్క రోజు ముందు తీసినా రిపోర్టు చెత్తబుట్టకే. అలాగని మరీ సాగదీయకు. టీకా పడ్డ నాలుగు నుంచి ఆరు వారాల మధ్య యాంటీబాడీలు బాగా పైకి ఉంటాయి, ఆ తర్వాత దిగుతూ వస్తాయి. జీవితంలో ఒకే ఒక్క టీకా పడ్డ కుక్కపిల్లలు ఈ పరీక్షలో తప్పేది చాలావరకు ఇక్కడే. బొబ్బట్టుకి ఆ భయం లేదు. మార్చిలో వేసింది కాగితం మీద చెల్లకపోయినా వాడి ఒంట్లో చెల్లుతుంది కదా, ఇప్పుడు వేసేది బూస్టరులా పనిచేస్తుంది.

ఇక అందరూ పొరబడే చోటు. రిపోర్టులో యాంటీబాడీల అంకె మిల్లీలీటరుకు 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) దాటగానే విమానం ఎక్కొచ్చనుకుంటారు. కాదు. ఇండియాలాంటి, వాళ్ళ జాబితాలో లేని దేశం నుంచి వచ్చే కుక్క రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు, రక్తం తీసిన రోజు నుంచి. రేబీస్ కరిచిన వెంటనే బయటపడదు, ఒంట్లో నెలల తరబడి నక్కి ఉంటుంది. టీకాకు ముందే సోకి ఉంటే ఈ మూడు నెలల్లో బయటపడాలని వాళ్ళ ఉద్దేశం. జూలై 20కి మూడు నెలలు కలిపితే అక్టోబరు 20. దానికి ముందు వాడు జర్మనీలో దిగడం కుదరదు.

నువ్వు చేరాల్సింది సెప్టెంబరు 1న.

ఆగు, ఫోన్ తీయకు. దారి ఉంది. ఆ పెట్ ఏజెంటు నీకు చెప్పాడే, ‘సార్ మీరు వెళ్ళిపోండి, కుక్కని తర్వాత కార్గోలో పంపేస్తాం’ అని, అది అంత తేలిక కాదు. యజమాని ప్రయాణానికీ జంతువు ప్రయాణానికీ మధ్య ఐదు రోజులకు మించి తేడా వస్తే అది పెంపుడు జంతువు కింద రాదు, సరుకు రవాణా కింద లెక్క. కాగితాలు మారతాయి, ఖర్చు మారుతుంది. నువ్వు సెప్టెంబరులో వెళ్ళి వాడు అక్టోబరులో వస్తే అందులో ఇరుక్కుంటావు.

చెల్లెమ్మ వీసాకి ఎలాగూ టైము పడుతుందన్నావుగా. ఇప్పుడు ఎలాగూ కొత్తగా టీకా వేయిస్తున్నావు కాబట్టి కొత్త కార్డు చెల్లెమ్మ పేరు మీద రాయించు. పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతో. టైటర్ ఫారం ఆవిడ పేరు మీద, హెల్త్ సర్టిఫికెట్ ఆవిడ పేరు మీద. కాగితంలో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని. అక్టోబరు చివర ఆవిడ, వాడు ఒకే విమానంలో వస్తారు, ఐదు రోజుల గొడవే లేదు. కుక్క నీదా ఆవిడదా అనే పాత తగువు కూడా ఇలా తీరిపోయింది. పెరుగన్నం ఎవరు పెడితే వాళ్ళదే అని జెమినీ ఆంటీ అప్పుడే తీర్పు చెప్పింది, నువ్వే వినలేదు.

రక్తం సంగతి ఇంకొంచెం రాయాలి, ఎందుకంటే మళ్ళీ రోజులు పోయేది అక్కడే. ముందు రాత్రి నుంచి తిండి పెట్టకు, నీళ్ళు మాత్రం ఇవ్వు. కొవ్వు తేలిన సీరం పరీక్షకు మంచిది కాదు. డాక్టరు ముందుకాలి నరం నుంచి నాలుగైదు మిల్లీలీటర్లు తీస్తారు. గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన సీరాన్ని వేరే ట్యూబులోకి తీస్తారు. నువ్వు పక్కనే నిలబడి ఆ ట్యూబును వెలుతురులో పెట్టి చూడు. లేత పసుపు రంగులో ఉండాలి. గులాబీగానో ఎర్రగానో ఉందంటే ఎర్రకణాలు పగిలాయన్నమాట. మొహమాటపడకుండా మళ్ళీ తీయమను. ఎందుకంటే ల్యాబులో ఆ సీరాన్ని పలచన చేసుకుంటూ పోయి, బతికున్న రేబీస్ వైరస్‌తో కలిపి, హామ్‌స్టర్ కిడ్నీ కణాల మీద వేసి 48 గంటలు ఉంచుతారు. వైరస్‌ను మనవాడి యాంటీబాడీలు ఎంతవరకు ఆపాయో అప్పుడు చూస్తారు. దీన్నే ఎఫ్ఏవీఎన్ అంటారు. ఎర్రకణాలు పగిలిన సీరం ఆ కిడ్నీ కణాలనే చంపేస్తే ఇక చూడ్డానికేముంటుంది?

ట్యూబు మీద, ఫారం మీద చిప్పు నెంబరు ఉండాలి. పేరు ‘బొబ్బట్టు’ అని రాస్తే వాళ్ళకేం తెలుస్తుంది! యూరోపియన్ కమిషన్ ఆమోదించిన ల్యాబుల జాబితా వాళ్ళ సైటులోనే ఉంది, అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ ల్యాబు కూడా అందులోదే. జాబితాలో లేని ల్యాబులో పది నిమిషాల కిట్టు పెట్టి ‘పాజిటివ్’ అని ఇచ్చే కాగితం దేనికీ పనికిరాదు. ఒక్కసారి పాసైతే మాత్రం ఆ టైటర్ జీవితాంతం చెల్లుతుంది, ఏటా టీకా తేదీ దాటకుండా వేయిస్తే. ఒక్క రోజు దాటినా మళ్ళీ మొదటికే. వచ్చే జూన్‌లో బెర్లిన్‌లో గుర్తుపెట్టుకోవాల్సింది నువ్వే.

మీ డాలస్ తోడల్లుడు ‘28 రోజులు చాలు, మూడు నెలలెందుకు’ అంటాడు చూడు. అది అమెరికా రూలు, 2024 ఆగస్టు నుంచి వచ్చింది. ఆయన చెప్పింది ఆయన దేశానికి నిజమే. ఆయనతో వాదించకు, దండం పెట్టేయ్.

ఇక విమానంలో వాడిని ఉంచే పెట్టె. ఇప్పుడే కొను, అక్టోబరులో కాదు. వాడిని నిలబెట్టి టేపుతో కొలు: ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా, నేల నుంచి మోచేయి దాకా, భుజాల వెడల్పు, నేల నుంచి చెవి కొస దాకా. తలదాకా కాదురా, వాడివి నిక్కబొడుచుకునే చెవులు, చెవి కొసే లెక్క. నువ్వు ఫోన్‌లో చెప్పిన కొలతలు 78, 32, 21, 64 సెంటీమీటర్లు. పొడవుకు మొదటి కొలతకి రెండోదాంట్లో సగం కలపాలి, 94. వెడల్పుకు భుజాలకు రెట్టింపు, 42. ఎత్తుకు 64 మీద పరుపు మందం. షాపువాడు 36 అంగుళాల పెట్టె చూపించి ‘సరిగ్గా సరిపోతుంది సార్’ అంటాడు. అది 91 సెంటీమీటర్లే, మూడు తక్కువ. ఆ మూడు సెంటీమీటర్లకే కౌంటర్ దగ్గర వెనక్కి పంపేస్తారు. 40 అంగుళాలది తీసుకో. దానికొచ్చే ప్లాస్టిక్ క్లిప్పులు పీకేసి, చెన్నై ప్యారీస్ కార్నర్‌లో ఏ హార్డ్‌వేర్ కొట్లోనైనా రంధ్రాలకు సరిపడే ఇనప నట్లు, బోల్టులు కొని బిగించు. చక్రాలుంటే తీసెయ్యి. తలుపు ఇనపదే ఉండాలి. గాలి నాలుగు వైపులా ఆడాలి.

ఖర్చు గురించి కూడా ముందే తెలుసుకో. కార్గోలో వేస్తే వాడి 19 కిలోలకు కాదు, పెట్టె ఆక్రమించే జాగాకు కడతావు. ఆ 40 అంగుళాల పెట్టె సెంటీమీటర్ల కొలతలు 102 × 69 × 76ని 6000తో భాగించు, సుమారు 89 కిలోలు. అందుకే అవకాశముంటే చెల్లెమ్మ టికెట్టు మీద లగేజీగా బుక్ చెయ్యడం మేలు. టికెట్టు కొనకముందే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి ఆ విమానంలో కుక్కకు చోటు ఖాయం చేసుకో, కొన్నాక కాదు. ఒక్కో విమానంలో తీసుకునే జంతువులు తక్కువ. చెన్నై నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా వెళ్ళేదే చూడు. మధ్యలో ఇంకో దేశంలో మారితే వాళ్ళ రూల్సు కూడా నెత్తినెక్కుతాయి. రాత్రి విమానమైతే రన్‌వే మీద ఎండ బాధ ఉండదు.

ఇవాళ్టి నుంచి వాడి అన్నం ఆ పెట్టెలోనే పెట్టు. తలుపు వెయ్యకు. వారం తర్వాత తింటున్నంతసేపు వెయ్యి, ఆ తర్వాత కొద్దికొద్దిగా పెంచు. మత్తు మాత్ర మాటెత్తకు. కుక్క వగర్చి ఒళ్ళు చల్లబరుచుకుంటుంది, మత్తులో అది సరిగా సాగదు, బీపీ పడిపోతుంది, పెట్టె ఊగినప్పుడు నిలదొక్కుకోలేదు. తెలిస్తే ఎయిర్‌లైన్ ఎక్కించుకోదు కూడా. ప్రయాణం ముందు రాత్రి తలుపుకు తగిలించే గిన్నెలో నీళ్ళు పోసి ఫ్రీజర్‌లో పెట్టు. ఎక్కించేటప్పుడు గడ్డగా ఉంటుంది కాబట్టి ఒలకదు, గాల్లో ఉన్నంతసేపు మెల్లగా కరుగుతుంది. సెక్యూరిటీలో వాడిని బయటికి తీసి ఖాళీ పెట్టెను ఎక్స్‌రేలో పెడతారు, అప్పటికి బెల్టు చేతిలో ఉండాలి. లేకపోతే మీనంబాక్కం టెర్మినల్ అంతా పరుగులే.

చివరి వారం ఏక్యూసీఎస్ వాళ్ళ దగ్గరికి, అంటే జంతువులకు హెల్త్ సర్టిఫికెట్ ఇచ్చే సర్కారు క్వారంటీన్ ఆఫీసుకి. చెన్నైలోనే ఉంది, బెంగళూరు రానక్కర్లేదు. కుక్కను తీసుకెళ్ళాలి, కాగితాలొక్కటే చాలవు. యూరప్ నమూనా హెల్త్ సర్టిఫికెట్ జర్మన్, ఇంగ్లీషు రెండూ ఉన్నది దించి పెట్టుకో. అధికారి సంతకం చేసిన రోజు నుంచి పది రోజుల్లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపించాలి, అంటే మరీ ముందు వెళ్ళినా దండగే. సంతకం, సీలు అచ్చు రంగులో ఉండకూడదు. నలుపు అచ్చయితే నీలం సిరా. చెల్లెమ్మ పర్సులో నీలం పెన్ను వేసి పంపు, సర్కారాఫీసుల్లో పెన్ను ఉంటుందని నమ్మకు. దిగాక ఆకుపచ్చ దారిలో పోకుండా ఎర్ర దారిలో కస్టమ్స్ దగ్గరికి వెళ్ళి కుక్క ఉందని చెప్పాలి. అక్కడే చిప్పు చదివి కాగితాలు చూస్తారు. అక్కణ్ణించి బెర్లిన్‌కి రైలు నయం, మూతికి బుట్ట తప్పనిసరి. వాడికి ఆటోవాళ్ళంటే పడదు, జర్మనీలో ఆటోలు లేవు కాబట్టి సరిపోయింది.

బెర్లిన్‌లో కుక్కకు ఏటా 120 యూరోల పన్ను, లయబిలిటీ బీమా, అవి నువ్వు ముందు వెళ్ళి... ఆ సంగతి తర్వాత రాస్తాను. కింద కొరియర్ కుర్రాడు బెల్లు మీద బెల్లు కొడుతున్నాడు, ఈ పూట తప్పితే మళ్ళీ సోమవారమే. 15న టీకా వేయించగానే కొత్త కార్డు ఫొటో పంపు, చిప్పు నెంబరు కనబడేట్టు. చెల్లెమ్మ పేరు స్పెల్లింగులో

సరే వచ్చేశాడు,
కోటి