ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే వచ్చే ఆ బాక్సు గురించి

విజయనగరం

మావా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. జూమ్ చేసి ప్రతి అక్షరం చదివాను. మిగతా కబుర్ల కంటే ముందు ఒక్క మాట: షాపతను చెప్పాడని ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టించొద్దు. ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకు. ఇచ్చేసి ఉంటే ఈ సాయంత్రమే వెళ్లి వెనక్కి తెచ్చేసుకో. నువ్వు ఊరూరా తిరిగి తీసిన తప్పెటగుళ్ల వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి కదా. రేకు తప్పెట గుండెకి కట్టుకుని ఆ ముసలాయన ఆడిన ఆట మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? చిన్న బాక్సు ఒకటి వస్తోందని వాటిని పోగొట్టుకుంటే నేను ఊరుకోను.

ఫోన్లో చెబితే సగం గుర్తుంటుంది, సగం పోతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఇది పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చెయ్యి.

ఆ బాక్సు పైన ‘విండోస్ స్క్రిప్ట్ హోస్ట్’ అని ఉంది చూశావా? కింద ఫలానా స్క్రిప్ట్ ఫైలు కనబడలేదని రాసి, దాని దారి కూడా ఇచ్చింది. నీ పేరుతో ఉన్న ఫోల్డర్, అందులో యాప్‌డేటా, అందులో రోమింగ్, ఆ లోపల అర్థంపర్థం లేని అక్షరాలతో ఒక ఫైలు, చివర చుక్క పెట్టి వీబీఎస్. మనకి కావలసిందంతా ఆ చివరి మూడక్షరాల్లో ఉంది. అది విబిస్క్రిప్ట్‌లో రాసిన చిన్న ప్రోగ్రాం. 1996లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన భాష ఇది. ఆఫీసు పనులకి బాగా పనికొచ్చేది, పెన్ డ్రైవ్ వైరస్‌లు రాసేవాళ్లకీ అంతే సులువుగా దొరికింది. దీన్ని విండోస్‌లోంచి మెల్లమెల్లగా తీసేస్తామని 2023లో ప్రకటించారు గానీ ఇంకా పూర్తిగా పోలేదు.

మేనకోడలు హాల్ టికెట్ ప్రింటు కోసం జిరాక్స్ షాపుకి పెన్ డ్రైవ్ పట్టుకెళ్లిందనీ, వచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయనీ నువ్వే అన్నావు. వచ్చిన దారి అదే. ఈ రకం వైరస్ పెన్ డ్రైవ్‌లోని అసలు ఫోల్డర్లను దాచేసి, అవే పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. మనం ఫోల్డరే అనుకుని డబుల్ క్లిక్ చేస్తే ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనకాల స్క్రిప్టూ నడుస్తుంది. ఏమీ తేడా కనిపించదు. ఈలోగా అది ల్యాప్‌టాప్‌లోకి తనని తాను కాపీ చేసుకుని, లాగిన్ అయినప్పుడల్లా తనని నడపమని విండోస్‌కి ఒక ఆర్డరు రాసి పెడుతుంది. తర్వాత ఎప్పుడో విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్, అదే డిఫెండర్, ఆ ఫైలుని పట్టుకుని తీసేసింది. కానీ ఆర్డరు అలాగే ఉండిపోయింది. పాలబ్బాయి ఊరొదిలి వెళ్లిపోయినా రోజూ గుమ్మంలో గిన్నె పెడుతున్నట్టు, విండోస్ పొద్దున్నే ఆ ఫైలు కోసం వెతకడం, దొరకలేదని నీకు చెప్పడం. అంతే జరుగుతోంది.

కాబట్టి టెన్షన్ పడకు. ఆ బాక్సులో ఓకే నొక్కినా, ఇంటూ గుర్తు నొక్కినా ఒకటే. ఏమీ పాడవదు, రేపు మళ్లీ వస్తుంది. దాన్ని ఆపాలంటే ఆ ఆర్డరు ఎక్కడ రాసి ఉందో పట్టుకోవాలి. నేను చూసినంతలో ఇలాంటి వాటికి ఫార్మాట్ అనేవాళ్లు చాలామంది ఆ వెతికే ఓపిక లేకనే అంటారు.

అయినా ముందు వీడియోలు, ఫోటోలు ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించుకో. ఫార్మాట్ చేయకపోయినా ఆ పని చేయాల్సిందే, ఇన్నాళ్లూ ఒకే ఒక్క కాపీతో ఎలా నిద్రపోయావో నాకు అర్థం కాదు. వీడియోలూ ఫోటోలూ మాత్రమే తియ్యి. షార్ట్‌కట్‌లు, వీబీఎస్ ఫైళ్లు కనబడితే వాటిని వదిలెయ్యి. తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్లి, ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకో. ల్యాప్‌టాప్ దానంతటదే రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే వెతుకుతుంది. సుమారు 15 నిమిషాలు పడుతుంది, ఛార్జర్ పెట్టి ఉంచు. వైరస్ తాలూకు ఇంకో కాపీ ఏదైనా మిగిలి ఉంటే ముందు అది పోవాలి, లేకపోతే మనం తీసేసిన ఆర్డరు మళ్లీ రాసుకుంటుంది.

ఇప్పుడు అసలు పని. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది. ఎడమవైపు గుర్తుల్లో ‘స్టార్టప్ యాప్స్’ ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆన్ అవగానే లేచేవాటి జాబితా అది. అందరూ ఇంతవరకు వస్తారు, ఇక్కడే ఆగిపోతారు. ఎందుకంటే ఆ జాబితాలో వైరస్ పేరు ఉండదు. స్క్రిప్ట్‌ని నడిపేది విండోస్ వాళ్ల సొంత ప్రోగ్రామే కాబట్టి, అక్కడ ‘మైక్రోసాఫ్ట్ విండోస్ బేస్డ్ స్క్రిప్ట్ హోస్ట్’ అని, తయారీదారు మైక్రోసాఫ్ట్ కార్పొరేషన్ అని కనిపిస్తుంది. అది చూసి, అమ్మో ఇది విండోస్‌దే, ముట్టుకోకూడదు అనుకుని వదిలేస్తారు. నువ్వు వదలకు. పైన పేరు, స్టేటస్ అని రాసి ఉన్న వరుస మీద రైట్ క్లిక్ చెయ్యి, ‘కమాండ్ లైన్’ అనే దానికి టిక్ పెట్టు. ఒక్కో ప్రోగ్రాం ఎదురుగా అది నిజంగా ఏ ఫైలుని నడుపుతోందో పూర్తి దారితో కనిపిస్తుంది. నీ ఫోటోలో ఉన్న ఆ పిచ్చి పేరు అక్కడ కనబడిందంటే దొంగ దొరికినట్టే. దాని మీద రైట్ క్లిక్ చేసి డిజేబుల్ నొక్కు. రీస్టార్ట్ చేసి చూడు.

చాలాసార్లు ఇంతటితో అయిపోతుంది. కాకపోతే ఇంకో రెండు చోట్లు చూడాలి. విండోస్ గుర్తున్న కీ, ఆర్ కలిపి నొక్కితే రన్ బాక్సు వస్తుంది. అందులో ఇంగ్లీషులో షెల్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ లేకుండా స్టార్టప్ అని కొట్టు. ఒక ఫోల్డర్ తెరుచుకుంటుంది, అందులో ఉన్నదల్లా లాగిన్ అవగానే నడుస్తుంది. నీకు తెలియని షార్ట్‌కట్ ఉంటే తీసెయ్యి. రెండోది టాస్క్ షెడ్యూలర్. స్టార్ట్ మెనూలో ఆ పేరు కొడితే వస్తుంది. అందులో లైబ్రరీ నొక్కి, ట్రిగ్గర్స్ కింద ‘ఎట్ లాగాన్’ అని ఉన్నవి చూడు. ఒక్కోదాని మీద నొక్కితే కింద యాక్షన్స్‌లో అది ఏం నడుపుతుందో ఉంటుంది. ఇక్కడా అంతే, డిజేబుల్ చాలు, డిలీట్ వద్దు. విండోస్ తన సెట్టింగులన్నీ రాసి దాచుకునే రిజిస్ట్రీలోకి వెళ్లి ఏదో చెరపమని ఎవరైనా చెబితే నా మాటగా వద్దని చెప్పు.

అప్పటికీ దొరక్కపోతే ఆటోరన్స్ అని ఒకటుంది. దాని మీద నాకు చాలా గౌరవం. మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అనే ఇద్దరు 1996లో సిస్‌ఇంటర్నల్స్ మొదలుపెట్టి ఇలాంటి పనిముట్లు చేసి ఉచితంగా ఇచ్చేవారు. 2006లో మైక్రోసాఫ్ట్ వాళ్లని తనలో కలిపేసుకుంది. ఇప్పటికీ ఉచితమే. మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించుకో, వేరే ఎక్కడి నుంచీ వద్దు. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేస్తే చాలు. విండోస్‌లో ఏదైనా దానంతటది లేవడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ ఒకే చోట చూపిస్తుంది. భయపడకు, చాంతాడంత జాబితా వస్తుంది. పైన ఫిల్టర్‌లో ఆ పిచ్చి పేరు కొడితే మనకి కావలసిన వరుస మాత్రమే మిగులుతుంది. ఫైలు లేకపోయినా ఆర్డరు మిగిలి ఉన్నవాటిని పసుపు రంగులో చూపిస్తుంది, మనది సరిగ్గా అదే రకం. ఎదురుగా ఉన్న టిక్ తీసెయ్యి. పొరపాటున వేరేది తీసినా మళ్లీ టిక్ పెడితే తిరిగొస్తుంది.

ఇదంతా చేస్తూ, ఇక ల్యాప్‌టాప్ వేగంగా లేస్తుందని కనబడినవన్నీ డిజేబుల్ చేసేయకు. సెక్యూరిటీ అని ఉన్నదాన్ని, సౌండుకీ టచ్‌ప్యాడ్‌కీ సంబంధించిన వాటిని ముట్టుకోకు. మీటింగుల యాప్‌లు, చాటింగ్ యాప్‌లు, గేముల యాప్‌లు తీసినా నష్టం లేదు, కావలసినప్పుడు నువ్వే తెరుచుకోవచ్చు.

చెల్లెమ్మ చెప్పిన రెండోది వేరే విషయం. కుడివైపు కింద మూలలో ‘మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది’ అని ఎర్రగా వస్తోందట కదా. అది ల్యాప్‌టాప్‌లోంచి రావడం లేదు, క్రోమ్‌లోంచి వస్తోంది. ఏదో సైటు ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి’ అంటే ఎవరో నొక్కి ఉంటారు. దాంతో నోటిఫికేషన్లు పంపే అనుమతి ఆ సైటుకి దొరికింది. మేనకోడల్ని మాత్రం ఏమీ అనకు, చదువుకున్నవాళ్లనీ పెద్దవాళ్లనీ కూడా అలా మోసం చేసేలాగే దాన్ని తయారుచేస్తారు. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అనుమతి ఉన్న సైట్ల జాబితా ఉంటుంది, తెలియనివన్నీ తీసెయ్యి. అసలు ఏ సైటూ అడగకుండా చేసే ఆప్షన్ కూడా అక్కడే ఉంది, నేనైతే మా ఇంట్లో అదే పెట్టాను. అలాగే సెట్టింగ్స్‌లో సిస్టమ్ కిందికి వెళ్లి, క్రోమ్ మూసేసినా వెనకాల నడుస్తూ ఉండే ఆప్షన్ ఆపెయ్యి.

ఈ మాట మాత్రం ఇంట్లో అందరికీ చెప్పు, ముఖ్యంగా అత్తయ్యకి. అలాంటి బాక్సులో ఫోన్ నంబరు ఉంటే దానికి ఫోన్ చేయకూడదు. అసలైన విండోస్ హెచ్చరికలో ఫోన్ నంబరు ఉండదు. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడి, స్క్రీన్ చూపించే యాప్ వేయించి, బ్యాంకు ఖాతా దాకా వస్తారు. పొరపాటున ఎవరైనా డబ్బు పంపేస్తే ఆ క్షణమే 1930కి చెప్పాలి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. డబ్బు కట్టి కొనుక్కోమనే క్లీనర్ సాఫ్ట్‌వేర్‌లు కూడా వద్దు, నీ అవసరానికి విండోస్‌లో ఉన్నదే చాలు.

అప్పుడప్పుడు స్క్రీన్ నిండా వచ్చే ‘సెటప్ పూర్తి చేద్దాం’ అనేది విండోస్ సొంతదే. సెట్టింగ్స్, సిస్టమ్, నోటిఫికేషన్స్‌లో అడుగున అడిషనల్ సెట్టింగ్స్ ఉంటాయి, అక్కడి టిక్కులు తీసేస్తే రాదు.

ఇక ఆ పెన్ డ్రైవ్. పెట్టగానే తెరవకుండా, దాని మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చెయ్యి. తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, హిడెన్ ఐటమ్స్ పెడితే దాగిన అసలు ఫోల్డర్లు చాలావరకు కనబడతాయి. అప్పటికీ కనబడకపోతే పోయాయనుకోకు, నా దగ్గరికి తీసుకురా, బయటికి తీయొచ్చు. ఇకపై ప్రింటుకి పెన్ డ్రైవ్ బదులు ఫైలు షాపు మెయిల్‌కి పంపమను. ఆధార్ లాంటివైతే ప్రింటు అయ్యాక ఎదురుగానే డిలీట్ చేయించమను. జిరాక్స్ షాపువాడిని తప్పుపట్టడం లేదు, రోజంతా వాళ్లవీ వీళ్లవీ పెన్ డ్రైవ్‌లు పెట్టే కంప్యూటర్ అది.

సిరిమానోత్సవానికి మీరంతా రావాల్సిందే, ఈసారి సాకులు చెప్పకు. ఈలోపు ఇవన్నీ చేసినా బాక్సు వస్తే, టాస్క్ మేనేజర్‌లో కమాండ్ లైన్ కనబడేలా ఒక ఫోటో తీసి పంపు. దాన్ని చూసి ఏ వరుస ఆపాలో చెబుతాను. హార్డ్ డిస్క్ లేకపోతే ఆ మాట కూడా చెప్పు, నా దగ్గర ఖాళీది ఒకటుంది, అటు వచ్చేవాళ్ల చేత పంపిస్తాను.

నీ మావ