తుపాను గ్రామాల సర్వే: ఎథిక్స్ అనుమతి గురించి

అందరికీ నమస్కారం. హుద్‌హుద్ తుపానుకి (2014) దెబ్బతిన్న తీర గ్రామాల సర్వేకి వెళ్లేవాళ్లు గమనించండి. ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్లకి హాని జరగకుండా చూసే కమిటీ) ఆమోదపత్రం చేతికి రాకముందు పైలట్ (ముందస్తు ట్రయల్) పేరుతో కూడా ఏ ఇంటికీ వెళ్లొద్దు.

దరఖాస్తుకి ప్రోటోకాల్ (సర్వే ఎలా చేస్తామో రాసిన ప్రణాళిక), ప్రశ్నావళి, సమాచార పత్రం, సమ్మతి పత్రం జతచేయాలి. చివరి మూడూ ఊళ్లో మాట్లాడే తెలుగులోనే. "దుర్బలత్వ సూచిక" అని రాస్తే ఎవరికి అర్థమవుతుంది? "తుపానొస్తే మీ ఇంటికి ఏమవుతుంది?" అని అడగండి.

అసలు తేడా కొట్టేది ఇక్కడ: ట్యాబ్‌తో ఇల్లు ఫొటో తీస్తే నష్టపరిహారం ఎన్యూమరేషన్ అనుకుని ఆధార్ జిరాక్సులు తెచ్చిస్తారు. తీసుకోవద్దు. "ఈ సర్వే వల్ల సాయం రాదు, జవాబివ్వకపోతే వచ్చేది ఆగదు" అని మొదటి పేరాలోనే రాయండి. సర్పంచ్ సరేనంటే ఊళ్లోకి వెళ్లొచ్చు, అంతే. సమ్మతి ఎవరిది వాళ్లదే. చదువురానివాళ్లకి చదివి వినిపించి, వేలిముద్రతో పాటు టీముతో సంబంధంలేని సాక్షి సంతకం తీసుకోండి. వీఆర్వోని మాత్రం సాక్షిగా పెట్టకండి, ఆయన ఎదుట కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

పిల్లల్ని అడిగితే తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు నిండిన పిల్లల అంగీకారం కూడా కావాలి.

పేర్లు, జీపీఎస్ పాయింట్లు ఒకే షీట్‌లో ఉంచొద్దు. మధ్యలో ప్రశ్న మార్చాలంటే కమిటీకి సవరణ పెట్టి, ఆమోదం వచ్చాకే అడగండి.