మిద్దె మీది చిక్కుళ్లకు ఒక బల్ల కావాలి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి మా మిద్దె మీద చిక్కుడు పందిరి ఆగకుండా కాస్తోంది. రోజు విడిచి రోజు చేట నిండుతోంది. ఇంట్లో ఉన్నది ఇద్దరం. వేపుడు అయింది, ఇగురు అయింది, రథసప్తమికి కాయలతో రథమూ చేశాం. ‘ఇవాళ కూడా చిక్కుడేనా’ అని మావారు కంచం ముందు కూర్చోకముందే అడుగుతున్నారు. పక్కింటివారికి ఇద్దామంటే వారి గోడ మీదా అదే తీగ! అందరం ఒకే వానలకు విత్తనం వేస్తాం, కాపూ అందరికీ ఒకేసారి వస్తుంది. పుచ్చుకునేవారు మా వీధిలో లేరు, వేరే పేటల్లో ఉన్నారు.

నిరుడు ఎనిమిది ఆనపకాయలు సంచుల్లో వేసుకుని ఆటోలో ఒక వసతి గృహానికి వెళ్లాను. బయటివారి సరుకు తీసుకోవాలంటే పైనుంచి అనుమతి రావాలన్నారు. వారి భయం వారిది, పిల్లలకు ఏమైనా అయితే మాట పడేది వారే. వచ్చిన ఆటోలోనే కాయలతో తిరిగొచ్చాను.

మా ఊరి పెద్దాసుపత్రి కేజీహెచ్ దగ్గర రోగుల బంధువులకు ఇవ్వమని కొందరంటారు. శ్రీకాకుళం నుంచో, మన్యం నుంచో వచ్చి ఆసుపత్రి ఆవరణలో పడుకునేవారికి పొయ్యి ఎక్కడిది? వారికి జామకాయో అరటిపండో ఇవ్వాలి. పచ్చికూర అందవలసింది అపార్ట్‌మెంట్లు కట్టేచోట రేకుల షెడ్లలో వండుకునే కూలీలకు, ఒంటరిగా గది అద్దెకు తీసుకుని బతికే ముసలివారికి.

అందుకే నా విన్నపం. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం రైతు బజార్లలో గేటు పక్కన ఒక బల్ల వేయించండి. వారానికి రెండు ఉదయాలు చాలు. ఇంట్లో కాయలు మిగిలినవారు పెట్టి వెళ్తారు, కావలసినవారు ఊరూ పేరూ చెప్పకుండా పట్టుకెళ్తారు. ఫొటోలు మాత్రం వద్దు, ఆనపకాయ పుచ్చుకున్నందుకు ఎవరి ముఖమూ ఫోన్లలో తిరగకూడదు.

రైతుల బేరం పోతుందని ఒక మాట రావచ్చు. మూసే వేళకు బజారులో పారేసిన ఆకుకూరల్లో మంచివి ఏరుకునే ముసలమ్మలను చూసినవారు ఆ మాట అనలేరు. ఇక నా సంగతా, ఉల్లీ బంగాళాదుంపా మిద్దె మీద పండించుకోలేక బజారుకు వెళ్తూనే ఉన్నాను.

ఇచ్చేవారికీ కట్టుబాటు ఉండాలి. బీరకాయ కోత రెండు రోజులు ఆలస్యమైతే పీచు పడుతుంది. మనం తినలేనిది తెచ్చి బల్ల మీద పెట్టకూడదు. చలికాలం చిక్కుడుకు పేను పడుతుంది. మందు కొట్టిన తీగ కాయలు ఆ వారం అసలు తేకూడదు.

2014 హుద్‌హుద్ తుపానుకు మా పెరటి మామిడి కూలింది. ఆ చెక్కతో చేయించిన బల్ల ఒకటి వరండాలో ఖాళీగా ఉంది. ఏ రైతు బజారు ఎస్టేట్ అధికారి సరేనన్నా అదే పంపిస్తాను. ఎల్లుండి మళ్లీ కోత ఉంది.

ఇట్లు,
ఒక గృహిణి,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం