ఆర్‌పీజీ నేర్పేవాళ్లు మూడు చుక్కలు కూడా నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండ, కాజీపేట వైపు బీటెక్, ఎంసీఏ పిల్లలు కొందరు ఏఎస్/400 (ఐబీఎం వ్యాపార కంప్యూటర్ల వ్యవస్థ, ఇప్పుడు ఐబీఎం ఐ), దానిలో వాడే ఆర్‌పీజీ ప్రోగ్రామింగ్ భాష కోర్సులు చేస్తున్నారు. మంచిదే, ఆ పాత కోడ్ చూసే మనుషులు కావాలి. కానీ చేతులు మారిన నోట్సుల్లో ఫీల్డుల (విలువలు దాచే చోట్ల) పేర్లన్నీ ఇంకా ఆరక్షరాలకు నరికే ఉంటున్నాయి. ఆ హద్దు పాత వెర్షన్ ఆర్‌పీజీ త్రీది. ఆర్‌పీజీ ఫోర్‌లో ఇప్పుడు పేరు 4,096 అక్షరాల దాకా ఉండొచ్చు.

ఫీల్డులను ప్రకటించే డి-స్పెక్ లైన్లో పేరుకు 7 నుంచి 21 దాకా 15 గళ్లే (గడి అంటే ఒక అక్షరం చోటు). 'కస్టమర్‌మంత్లీబ్యాలెన్స్' ఇంగ్లిషులో 22 అక్షరాలు, అందులో పట్టదు. అప్పుడు ఆరో గడిలో డి వేసి, ఏడు నుంచి పేరంతా రాసి, సందు లేకుండా మూడు చుక్కలు పెట్టాలి. కింది లైన్లో మళ్లీ డి, 24లో ఎస్ (విడి ఫీల్డు), 39లో 9 (నిడివి), 40లో పి (ప్యాక్‌డ్, అంటే బైటుకు రెండేసి అంకెలు), 42లో 2 (దశాంశాలు). నిడివి అంకె కుడి అంచుకే ఆనాలి, లేకుంటే కంపైల్ కాదు. 26–32 గళ్లలో మొదలు స్థానం అంకె ఉంటే 33–39లోది నిడివి కాదు, ముగింపు స్థానం.

2013లో ఐబీఎం ఐ 7.1 టీఆర్7 అప్‌డేట్‌తో వచ్చిన ఫ్రీ ఫార్మ్ డిక్లరేషన్లలో (ఏది ఏ గడిలో అన్న లెక్క లేని పద్ధతి) ఇదంతా ఒక్క లైనే: డీసీఎల్-ఎస్, పేరు, ప్యాక్‌డ్(9:2), సెమికోలన్. కొత్త కోడ్ ఇలాగే రాయించండి.

పాతదాన్ని ఫ్రీ ఫార్మ్‌లోకి మార్చేటప్పుడే అసలు ప్రమాదం. 40వ గడి ఖాళీగా ఉండి దశాంశాలుంటే, విడి ఫీల్డు ప్యాక్‌డ్ అవుతుంది, డేటా స్ట్రక్చర్ (ఫీల్డుల గుంపు) లోపలి ఫీల్డు, అంటే సబ్‌ఫీల్డు, జోన్డ్ (బైటుకు ఒక అంకె) అవుతుంది. ఇది తెలియక అన్నింటికీ ప్యాక్‌డ్ రాస్తే, 9 బైట్ల ఫీల్డు 5 బైట్లకు కుంచించుకుపోయి దాని వెనకవన్నీ నాలుగేసి బైట్లు ముందుకు జరుగుతాయి. కంపైలర్ ఏమీ అనదు. ఆ స్ట్రక్చర్ అందుకున్న మరో ప్రోగ్రామ్ డెసిమల్ డేటా ఎర్రర్‌తో ఆగుతుంది, లేదా తప్పు మొత్తం రాసేస్తుంది. రెండోదే ఎక్కువ నష్టం. సబ్‌ఫీల్డు పేరు 'రీడ్', 'సెలెక్ట్' లాంటి ఆర్‌పీజీ ఆదేశం పేరే అయితే, ఫ్రీ ఫార్మ్‌లో దాని ముందు డీసీఎల్-సబ్ఎఫ్ తప్పనిసరి.

శిక్షణ కేంద్రాలు ఈ రెండు పద్ధతులూ పక్కపక్కన పెట్టి చెప్పాలి. మీ చదువుల పేజీలో కోడ్ వేస్తే అక్షరాలన్నీ ఒకే వెడల్పున్న ఫాంటులో, పైన గడుల అంకెలతో అచ్చువేయాలని కోరుతున్నాం.

— ఐబీఎం ఐ ప్రోగ్రామర్లు, హనుమకొండ