డ్రాయింగ్ పీరియడ్ గురించి మంత్రి గారికి ఒక విన్నపం

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ప్రభుత్వ హైస్కూళ్లలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ శనివారాలు పక్క ఊరి బడికి వెళ్లి పిల్లలచేత బొమ్మలు వేయిస్తుంటాను. ఎవరూ రమ్మనలేదు, ఉండబట్టలేక వెళ్తున్నాను. అక్కడ ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి నాకు చూపించిన నోటుబుక్కు గురించి మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

అది లెక్కల గ్రాఫు పుస్తకం. కాగితాలు ఒకదానికొకటి అంటించి మడత పెట్టింది. విప్పితే బెంచీ ఈ చివర నుంచి ఆ చివర దాకా వచ్చింది. ఎడమ పక్క ఒక ఇల్లు, కుడి పక్క తుఫాను షెల్టర్, మధ్యలో దారి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా మీద పడినప్పుడు ఆ పిల్లకి ఆరేళ్లు. వాళ్ల నాన్న భుజాన ఎక్కించుకుని, కూలిన కొబ్బరిచెట్లు దాటుకుంటూ తీసుకెళ్లాడట. ఆ దారినే ఇప్పుడు వీడియో గేమ్‌గా గీసుకుంది. ఒక గడి అంటే ఒక అడుగు. మాను అడ్డం వస్తే ఎగరాలి. తెగిన కరెంటు తీగ ఉంటే చుట్టూ తిరిగి పోవాలి. జీడితోటలో నీళ్లు నిండిన గోతులున్నాయి.

“మొదటి గొయ్యి ఇంత చిన్నదేమ్మా?” అని అడిగాను.

“అందులో పడినా ఏటీ అవదు మాస్టారూ. ఓసారి పడితే తెలిసిపోద్ది కదా. పెద్దది తరవాత ఉంది” అంది.

నాకు వీడియో గేమ్‌ల గురించి తెలిసింది తక్కువ. విశాఖలో ఉన్న మా మేనల్లుడికి ఫోన్‌లో ఈ సంగతి చెబితే, “మామయ్యా, మేరియో అనే వీడియో గేమ్ చేసినాయన ఆలోచించింది కూడా అచ్చం ఇలాగే” అన్నాడు. అప్పటినుంచి ఆ షిగేరు మియమోటో గారి గురించి దొరికిందల్లా చదువుతున్నాను. చదివేకొద్దీ మీకు రాయాలన్న పట్టుదల పెరిగింది.

ఆయన 1952లో జపాన్‌లోని సోనోబె అనే చిన్న ఊళ్లో పుట్టారు. క్యోటోకి దగ్గర్లో, పొలాలూ కొండలూ ఉన్న ఊరు. చిన్నప్పుడు అడవిలో తిరుగుతుంటే ఒక గుహ కనిపించింది. మొదట భయపడి, తర్వాత లాంతరు పట్టుకుని లోపలికి వెళ్లి చూశారు. 1986లో వచ్చిన తన జెల్డా అనే ఆటకి ఆ తిరుగుళ్లే మూలమని ఆయనే చెప్పుకున్నారు. బొమ్మల కథలు గీసేవాడు కావాలని కలలు కని, కనజావాలో ఆర్ట్ కాలేజీలో చదివి, 1977లో నింటెండో కంపెనీలో చేరారు. అది 1889 నుంచి పేక ముక్కలు తయారుచేసిన కంపెనీ. ఆయన్ని తీసుకున్నది బొమ్మలు గీయడానికి. ఆయన ప్రోగ్రామర్ కాదు. దయచేసి ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

నింటెండో అమెరికాకి పంపిన రాడార్ స్కోప్ అనే ఆట మెషీన్లు 3,000లో సుమారు 2,000 అమ్ముడుపోక మిగిలాయి. ఆ పెట్టెల్లో పట్టేలా కొత్త ఆట ఒకటి తయారుచేయమని ఈ కుర్రాడికి అప్పగించారు. అలా 1981లో డాంకీ కాంగ్ వచ్చింది, అందులోనే మేరియో పుట్టాడు. ఆ మేరియో రూపం గురించి చదివినప్పుడు నాలోని డ్రాయింగ్ మాస్టారికి ఒళ్లు పులకరించింది. తెర మీద బొమ్మకి దొరికినవి వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని చుక్కలు. అందులో నోరు కనపడదు, కాబట్టి పెద్ద ముక్కు పెట్టి దాని కింద మీసం పెట్టారు. ఎగిరినప్పుడు జుట్టు కదిలించడం కష్టం, అందుకని టోపీ. చేతులు ఊగడం తెలియాలి కాబట్టి చొక్కా మీద వేరే రంగు ఓవరాల్. ముగ్గు వేసే ఆడపిల్లకి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది: ఉన్న చుక్కల్లోనే నెమలి కనపడాలి.

ఇక 1985 నాటి సూపర్ మేరియో బ్రదర్స్. ఆ ఆట దశలను తోటి డిజైనర్ తకాషి తెజుకాతో కలిసి ఆయన గ్రాఫు కాగితం మీదే గీశారు. మొదటి దశ మొదలయ్యేసరికి మేరియో ఎడమ పక్కన నిలబడి ఉంటాడు, కుడివైపంతా ఖాళీ. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగడుగులు వేయగానే పుట్టగొడుగులాంటి జీవి ఒకటి ఎదురొస్తుంది. తగిలితే ఒక ప్రాణం పోతుంది, కానీ అప్పుడే మొదలుపెట్టాం కాబట్టి పెద్ద నష్టం లేదు. రెండోసారి ఎగురుతాం. ఎగిరితే పైనున్న పెట్టెకి తల తగిలి బహుమతి బయటికొస్తుంది. ఒక్క అక్షరం రాయకుండా ఆట నేర్పేశారు. ఆ ఆట 4 కోట్లకు పైగా అమ్ముడైంది. 2019లో జపాన్ ప్రభుత్వం, సంస్కృతికి సేవ చేసినవారికిచ్చే గౌరవాన్ని ఆయనకి ఇచ్చింది.

మా పిల్లకి ఈ మియమోటో ఎవరో తెలియదు. చిన్న గొయ్యి ముందు పెట్టాలని తనంతట తనకే తోచింది.

ఇదేమీ మనకి పరాయి విద్య కాదు. గుడి అరుగు మీద బొగ్గుతో గీసుకుని మా తాత ఆడిన పులిజూదంలో పులులు మూడు, మేకలు పదిహేను. పులికి చంపే బలం, మేకలకి మంద బలం. రెండు పక్కలా వేరు వేరు బలాలు పెట్టి ఆట సమంగా నడిచేలా చేసిన మనిషి ఎవరో గాని, ఆయనా గేమ్ డిజైనరే.

2022 కేంద్ర బడ్జెట్‌లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ రంగానికి టాస్క్‌ఫోర్స్ ప్రకటించారు. చాలా సంతోషించాను. ఈ నాలుగింటిలో బొమ్మ లేకుండా నడిచేది ఒక్కటీ లేదు కదండీ. మరి బళ్లలో జరుగుతున్నదేమిటి? నేను రిటైరయ్యాక నా కుర్చీలోకి ఇంకొకరు రాలేదు. పరీక్షలు దగ్గరపడగానే డ్రాయింగ్ పీరియడ్ లెక్కలకో సైన్సుకో వెళ్లిపోతుంది. ఆ మాస్టార్లని నేను తప్పుపట్టను, వాళ్ల రిజల్ట్స్ టెన్షన్ వాళ్లది. కానీ ఈ నోటుబుక్కు ఒకసారి క్లాసులో పట్టుబడితే, గ్రాఫు కాగితాలు పాడుచేసిందని రెండు పేజీలు చింపేశారు. ఇంటికెళ్లి అన్నం మెతుకులతో అంటించుకుంది. ఆ అతుకు మీద వేలు పెడితే గరుకుగా తగులుతుంది. షెల్టర్ ముందు ఆఖరి మలుపు సరిగ్గా ఆ పేజీలోనే ఉంది.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఖాళీ అయిన డ్రాయింగ్ పోస్టులు నింపండి. వారానికి రెండు డ్రాయింగ్ పీరియడ్లు పరీక్షల నెలల్లో కూడా ఎవరూ తీసుకోకుండా ఒక ఉత్తర్వు ఇవ్వండి. పిల్లలు సొంతంగా ఆటలు తయారుచేసుకునే స్క్రాచ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, నెట్ లేకపోయినా నడుస్తుంది. ల్యాబ్ ఉన్న బళ్లలో దాన్ని పెట్టించి, డ్రాయింగ్ మాస్టారికీ కంప్యూటర్ మాస్టారికీ కలిపి ఒక క్లాసు ఇవ్వండి. విడివిడిగా చెబితే ఒక దగ్గర బొమ్మ ఆగిపోతుంది, ఇంకో దగ్గర కోడ్‌కి ఆడించడానికి ఏమీ ఉండదు. పిల్లలకి గళ్ల పుస్తకం ఒకటి అదనంగా ఇప్పించండి, చింపకుండా.

ఆ బడిలో నాలుగు కంప్యూటర్లున్నాయి. గదికి తాళం ఉంటుంది. తాళం ఎవరి దగ్గరుందో నేనడిగిన ప్రతిసారీ ఒక్కో పేరు చెబుతున్నారు. పిల్ల కూడా ప్రతి శనివారం అదే అడుగుతోంది. జూన్‌లో బడి తెరిచేసరికి ఆ అమ్మాయి తొమ్మిదో తరగతికి వస్తుంది. ఆలోగా ఆ గది తెరిపించమని ప్రార్థన.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా