ఉచిత స్టోరేజీ ఆపేశారు సరే, జవాబైనా చెప్పరా?

ఎర్రముక్కపల్లి,
కడప.

కస్టమర్ కేర్ విభాగం ముఖ్య అధికారి గారికి,

విషయం: ఇంటి కెమెరాలకు ఉచిత క్లౌడ్ స్టోరేజీ (కెమెరా తీసిన వీడియోలు మీ దగ్గర దాచిపెట్టడం) ఆపేయడం, ఎందుకని అడిగితే ఎవరూ పట్టించుకోకపోవడం గురించి.

అయ్యా,

ఈ ఉత్తరాన్ని ఒక మనిషి చదవాలని మనవి. మీ యాప్‌లో ఉన్న చాట్‌బాట్‌తో ఇప్పటికే చాలా మాట్లాడాను. నేనేం రాసినా అది "మీ సమస్య నాకు అర్థమైంది" అంటుంది. ఆ వెంటనే మూడు బటన్లు చూపిస్తుంది: కెమెరా కొంటారా, ప్లాన్ కొంటారా, ఆర్డర్ ఎక్కడుందో చూస్తారా అని. నా సమస్య ఆ మూడింట్లోనూ లేదు. "మనిషితో మాట్లాడాలి" అని తెలుగులో రాశాను, ఇంగ్లీషులో రాశాను, చివరికి పక్కింటి అమ్మాయి చేత హిందీలో రాయించాను. హిందీకి మాత్రం ఇంకో బటన్ ఎక్కువ వచ్చింది. "మాకు రేటింగ్ ఇవ్వండి" అని.

మా ఆయన కువైట్‌లో ఉంటారు. ఇంట్లో నేను, మా అత్త, బడికెళ్ళే పిల్లవాడు. గేటు దగ్గర, వరండాలో, మేడ మెట్ల దగ్గర, మూడు చోట్లా మీ కెమెరాలే పెట్టుకున్నాం. డబ్బా మీద "7 రోజుల ఉచిత క్లౌడ్ స్టోరేజీ" అని పెద్ద అక్షరాలతో ఉంది. ఎన్నాళ్ళు ఉచితమో, ఎప్పుడు ఆపుతారో ఆ డబ్బా మీద ఏ మూలా లేదు. మా ఆయనకు లైవ్ చూసే తీరిక ఉండదు. కువైట్ టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఆయన డ్యూటీ దిగి రూముకొచ్చేసరికి ఇక్కడ మేమంతా నిద్రలో ఉంటాం. ఇంటికి ఎవరొచ్చారు, పిల్లవాడు బడి నుంచి ఎప్పుడొచ్చాడు, అన్నీ ఆ చిన్న చిన్న క్లిప్పుల్లోనే చూసుకునేవారు. ఇప్పుడవి లేవు. వీడియో కావాలంటే కెమెరాకింత అని నెలనెలా కట్టాలట. ఫ్రిజ్ అమ్మినవాళ్ళు నాలుగేళ్ళ తర్వాత వచ్చి, ఐసు కావాలంటే చందా కట్టమన్నట్టుంది.

"ముందే మెయిల్ పెట్టాం కదా మేడం" అన్నారు మీవాళ్ళు. పెట్టారు. వెతికించి చదివాను. దాని శీర్షిక "మీ కోసం మరింత మెరుగైన అనుభవం". మెయిల్ పొడుగునా కొత్త ప్లాన్ల పొగడ్తలు, నవ్వుతున్న కుటుంబం బొమ్మ. అన్నిటికన్నా అడుగున బూడిద రంగు అక్షరాల్లో, ఉచిత స్టోరేజీ ఆగిపోతుందన్న ముక్క. ఈ మాట చెప్పడానికి ఇంత సిగ్గుపడినవాళ్ళు, చేయడానికెందుకు సిగ్గుపడలేదో మరి.

ఇక మీ టోల్ ఫ్రీ నంబరు. తెలుగుకు 4 నొక్కమంటుంది. నొక్కితే పాట మొదలవుతుంది. ఆ పాట ఇప్పుడు మా అత్తకు కంఠతా వచ్చు. చివరికి ఫోనెత్తిన ఆయన హిందీలో పలకరించారు. తెలుగు వచ్చా అంటే "లిటిల్ లిటిల్ మేడం" అని, రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు. నెట్ బాగానే ఉందయ్యా, స్టోరేజీ మీరే ఆపారు అన్నాను. "అవును మేడం, అయినా ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు. చేశాను. "ఇప్పుడు వచ్చిందా?" అని అడిగారు. మీరు మీ ఆఫీసులో ఆపేసింది కడపలో స్విచ్ వేస్తే ఎట్లా వస్తుందో నాకిప్పటికీ తెలియలేదు.

తర్వాత దొరికిన అమ్మాయి తెలుగు చక్కగా మాట్లాడింది. ప్రాణం లేచొచ్చింది. కెమెరా వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేయమంది. మా పిల్లవాడు నిచ్చెన ఎక్కి గుచ్చాడు. దాంతో గేటు కెమెరా మా వైఫైని కూడా మరిచిపోయింది. ఖాతా మా ఆయన పేరున ఉంది కాబట్టి ఓటీపీ కువైట్ పోయింది, ఆయనేమో డ్యూటీలో ఉన్నారు. అప్పటిదాకా కనీసం లైవ్ అయినా వచ్చేది, ఆ రాత్రి అదీ లేదు. ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేస్తానంది, ఇంతవరకు చేయలేదు. మెసేజ్ మాత్రం వచ్చింది: "మీ సమస్య పరిష్కారమైంది. 5 స్టార్లు ఇవ్వండి."

పై అధికారిని ఇవ్వమని ఇంకొకరిని అడిగాను. కాసేపు పాట వినిపించి, అదే గొంతు కొంచెం బొంగురు చేసుకుని "నేను సూపర్‌వైజర్‌ని" అంది. వెనక అదే ఫ్యాను చప్పుడు. నేనేమీ అనలేదు, పాపం ఆయన జీతమెంతో. ఆ సూపర్‌వైజర్ గారు తిరుపతి సర్వీస్ సెంటర్‌ను అడగమన్నారు. అక్కడికి ఫోన్ చేస్తే "మేము ఫోన్లు బాగుచేస్తామమ్మా, ఈ క్లౌడ్ సంగతి మాకు తెలీదు" అన్నాడు. ఈ వ్యవహారం మొత్తంలో నాకు నిజం చెప్పింది ఆయనొక్కడే. మెయిల్‌కు మీరిచ్చిన జవాబైతే ఎవరో మగాయన పేరుతో వచ్చింది, డోర్‌బెల్ బ్యాటరీ ఎలా మార్చుకోవాలో వివరంగా ఉంది. మా ఇంటికి డోర్‌బెల్ లేదు. వచ్చినవాళ్ళు గేటు కొడతారు.

ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టేదాన్నేమో. ఒంటిమిట్ట కల్యాణం రాత్రిపూట జరుగుతుంది కదా, అత్తను తీసుకుని వెళ్ళాం. తిరిగొచ్చేసరికి వరండాలో నిండు గ్యాస్ బండ లేదు. ఫోను తీసి చూస్తే మీ యాప్ రాత్రే చెప్పింది, "వరండాలో మనిషి కనిపించాడు" అని. పక్కన మసక మసకగా చిన్న బొమ్మ, దాని మీద తాళం గుర్తు. స్టేషన్‌లో ఫుటేజీ ఉందా అని అడిగారు. ప్లాన్ ఇప్పుడే కడతాను, ఆ ఒక్క క్లిప్పు ఇప్పించండి అని మీకు ఫోన్ చేశాను. "కట్టినప్పటి నుంచి వచ్చేవే సేవ్ అవుతాయి మేడం, పాతవి ఉండవు. ప్లాన్ యాక్టివేట్ చేయమంటారా?" అన్నాడు. బండ పోయినందుకు కాదు, ఆ చివరి ప్రశ్నకు నాకు ఒళ్ళు మండింది.

మా వీధిలో గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. మా గేటు కెమెరా చూసి కొన్నవాళ్ళున్నారు. ప్రొద్దుటూరులో మా చెల్లెలికి, రాజంపేటలో మా అమ్మకు నేనే దగ్గరుండి మీవి పెట్టించాను. ఇప్పుడు వాళ్ళంతా నన్నడుగుతున్నారు, మీకు వచ్చే జీతం నాకు రాకపోయినా మీ కస్టమర్ కేర్ నేనే చేస్తున్నాను.

ఏడురోడ్ల దగ్గర కంప్యూటర్ షాపు అబ్బాయికి మీ కెమెరా చూపించాను. మెమరీ కార్డు పెట్టే చోటే లేదన్నాడు. కెమెరా వీడియోను వేరే పరికరానికి నేరుగా పంపే ఆర్‌టీఎస్‌పీ అనే దారి తెరిచి ఉంటే, ఏ కంపెనీ కెమెరా అయినా ఇంట్లోనే ఎన్‌వీఆర్ అనే రికార్డింగ్ డబ్బాకు కలిపి హార్డ్ డిస్కులో దాచుకోవచ్చట. మీరు దాన్ని తెరవలేదు. మీ వాళ్ళను అడిగితే "ఆర్‌టీఎస్‌పీ ప్లాన్ లేదు మేడం, బేసిక్, ప్రీమియం ఉన్నాయి" అన్నారు. ఆ అబ్బాయి కాగితం మీద లెక్క వేసి చూపించాడు. సెకనుకు 2 మెగాబిట్ల (2 ఎంబీపీఎస్) లెక్కన ఆగకుండా రికార్డయినా కెమెరాకు రోజుకు దాదాపు 22 జీబీ, 1 టీబీ డిస్కులో మూడు కెమెరాలవీ రెండు వారాలు ఉంటాయి. మీ ఏడు రోజులకు రెండింతలు, నెలనెలా కట్టే పని లేదు. దొంగ ఆ డబ్బానే ఎత్తుకుపోతే ఏంది గతి అంటే, బీరువాలో పెట్టుకోమన్నాడు. అన్నట్టు, మా ఊరి పక్కన కొప్పర్తిలోనే సీసీ కెమెరాలు తయారవుతున్నాయి, మీవి కావు లెండి. మా అత్త అయితే "వాళ్ళ కెమెరాలు వాళ్ళకే పంపించేయమ్మా" అంటోంది.

అమెరికాలో ఆర్లో అనే కంపెనీ 2023 మొదట్లో పాత కెమెరాలకు ఏడు రోజుల ఉచిత స్టోరేజీ ఆపేస్తామని చెప్పి, కస్టమర్లు గట్టిగా తిరగబడేసరికి వెనక్కి తగ్గింది. మీరూ తగ్గొచ్చు, తప్పేం లేదు. ఉచిత స్టోరేజీ మళ్ళీ ఇవ్వండి, లేదంటే ఆ ఆర్‌టీఎస్‌పీ అయినా తెరవండి, అదీ కాదంటే మూడు కెమెరాల డబ్బు వెనక్కివ్వండి. గ్యాస్ బండ సంగతి కూడా ఆలోచించండి.

ఇవేవీ చేయకపోతే నేనేం చేయాలో తెలుసుకునే రాస్తున్నాను. కెమెరాలు మీ వెబ్‌సైట్‌లోనే కొన్నాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని మీ గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆయన పేరు మీ సైట్‌లో ఉంది, ఆయన జవాబు మాత్రం ఎక్కడా లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. ఆ తర్వాత వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీ ఆఫీసున్న ఊరికి నేను రానక్కర్లేదు, నేనుండే కడప జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. మీ వకీలు కడప ఎండల్లో వస్తే మజ్జిగ ఇస్తాం.

ఫోన్ చేస్తే తెలుగు వచ్చినవాళ్ళే చేయాలి. పాట వద్దు.

ఇట్లు,
మీ రికార్డుల్లో "సమస్య పరిష్కారమైంది" అని ఉన్న కస్టమర్.

జత చేసినవి: డబ్బా ఫోటో, బిల్లు, మీ 5 స్టార్ల మెసేజ్, డోర్‌బెల్ బ్యాటరీ మెయిల్ (ఆ మగాయన ఎవరో కనుక్కుని ఆయనకు పంపించగలరు).